ఊరికిచ్చిన గొంతు

పొద్దున లేవగానే గొంతులో చింతగింజ అడ్డం పడినట్టుంటే, అది మింగినా పోక కక్కినా రాకపోతే, మిరియాల కషాయం తాగేసి జీపెక్కకండి. నేను ఎక్కాను. అందుకే ఇప్పుడు మీతో కాగితం మీద మాట్లాడవలసి వస్తోంది. గండం గడిచింది, ప్రాణానికి ఢోకా లేదన్నారు. జరిగిందంతా రాసుకుంటే మనసు కుదుటపడుతుందని మా ఆవిడ కరుణమ్మ అంటోంది. ఆమె బళ్ళో టీచరు. మనసు బాగాలేని పిల్లలకు కూడా వ్యాసమే రాయమంటుంది.

నా పేరు సామ్యేలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళ మధ్య ఎవరినడిగినా మైకు సామేలు అంటారు. జీపు మీద బూరలు కట్టుకుని ఊరూరా తిరిగి కేకలు పెట్టడం నా పని. బంగారు అంగళ్ళ తగ్గింపులు, కొత్త సినిమాలు, ఉరుసులు, తిరునాళ్ళు, మా చర్చి మహాసభలు, తప్పిపోయిన ఎనుములు, అన్నిటికన్నా పెద్ద పంట ఎలక్షన్లు. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, సరే, చెప్పుకోవడమే. నేను ప్రొద్దుటూరు నడిబొడ్డున గొంతు సవరించుకుంటే చక్రాయపేటలో ఎనుములు పాలు చేపేవి. పెన్న ఒడ్డున ఒక్క కేక పెడితే నీళ్ళు లేని ఏట్లో కూడా అలలు లేచేవి. పెళ్ళిళ్ళలో నేను భోజనాలకు పిలిస్తే, పిలవని పక్క ఊరి వాళ్ళు కూడా ఆకులు ముందేసుకుని కూర్చునేవాళ్ళు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఒక వీధి వాళ్ళు ఇంకో వీధి నీళ్ళు తాగరు. బస్సులో కుడి కిటికీలు ఒక వర్గానివి, ఎడమ కిటికీలు ఇంకో వర్గానివి. డ్రైవరు ఎవరి మనిషో తేలేదాకా బస్సు కదలదు. అట్లాంటి చోట రెండు వైపులా దారి ఉన్నది నాకొక్కడికే. పొద్దున ఒక పార్టీని ఆకాశానికెత్తి, మధ్యాహ్నం సంగటి తిని, సాయంత్రం అదే నోటితో దాన్ని పాతాళానికి తొక్కేవాణ్ణి. ఎవరూ తప్పు పట్టలేదు. "వాని గొంతు బాడుగదప్పా, దాని మింద కోపమెందుకు" అనేవాళ్ళు. ఆ మాట నాకు బిరుదులాగా ఉండేది.

బాడుగ గొంతుకు తీరిక ఉండదు. తెల్లవారుజామున జమ్మలమడుగు, ఎండెక్కితే పులివెందుల, పొద్దు వాలితే ప్రొద్దుటూరు. ఇంటికొచ్చేసరికి మిగిలిన గొంతును రేపటికి దాచాలి. అందుకని గడప దాటాక నోరు తెరిచేవాణ్ణి కాదు. కూర బాగుందని చెప్పడానికి తల నిలువుగా ఊపడం, బాగాలేదని చెప్పడానికి కూడా నిలువుగానే ఊపడం.

ఇందులో ఎక్కువ నష్టపోయింది మా అమ్మ. ఆమెకు చదువు రాదు, చెవులు మందగించి చాలా కాలమైంది. కరుణమ్మది సన్నగొంతు, అమ్మకు అందదు. చెవి మిషను తెచ్చిపెడితే "ఇదేందిరా, చెవిలో కీచురాయి కూకున్నట్టుండాది" అని దాన్ని బియ్యం డబ్బాలో వేసేసింది. ఆమెకు వినబడేది ప్రపంచంలో నా గొంతు ఒక్కటే. అది కూడా నేను మనసు పెట్టి తీస్తేనే. ఆమె పుట్టిల్లు రాజుపాలెం. మా జీపు దాదాపు ప్రతి వారం ఆ ఊరి మీదుగానే పోయేది. నేను కాళ్ళు కడుక్కునేలోపే అడిగేది.

"రాజుపాలెం మింద పోయినావా నాయనా? మా తమ్ముడెట్లుండాడు?"

నేను తలూపేవాణ్ణి. ఎట్లున్నాడు అన్న ప్రశ్నకు తలూపితే ఏం తెలుస్తుంది? ఆమె దానితోనే సరిపెట్టుకుని, "మా ఇంటి యెనక బాయి పూడ్చినారంట, నిజమేనా?" అనేది. రేపు చెప్తానని చేత్తో సైగ చేసేవాణ్ణి. ఊరందరికీ ఊరందరి సంగతులూ చెప్పే మనిషిని, ఒక ముసలామెకు ఒక బావి సంగతి చెప్పడానికి ఏళ్ళ తరబడి తీరిక చేసుకోలేదు.

సంక్రాంతి తర్వాత గొంతు గరగరలాడింది. ఫిబ్రవరిలో ఒక సినిమా ప్రచారం మధ్యలో హీరో పేరు దగ్గర తెగిపోయి, హీరోయిన్ పేరు దగ్గర మళ్ళీ అతుక్కుంది. మైకుసెట్టూ జీపూ దస్తగిరివి. నా చిన్ననాటి స్నేహితుడు. జీపు ఆపి వెనక్కి తిరిగి చూశాడు.

"ఏంది మామా, గొంతులో కప్ప దూరిందా?"

"దుమ్ములే మామా."

"దుమ్ము నాకూ కొడతాంది. నేనేం అట్ల అరస్తాండానా?"

"నువ్వెప్పుడూ అట్లనే అరస్తావు" అన్నాను. అదే నేను చివరిసారి గట్టిగా నవ్వుతూ అన్న మాటేమో.

మార్చిలో కరుణమ్మ నన్ను కడపలో గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ పొద్దుకు గొంతు పూర్తిగా పడుకుంది. డాక్టరు గది ముందు చెక్క బెంచీలు, వాటి మీద జిల్లాలోని సగం గొంతులు. ఆమె నీళ్ళ కోసం బయటికి పోయిన సమయంలోనే పేర్లు పిలిచే మనిషి తలుపు తీసి "సామ్యేలు" అన్నాడు. జీవితమంతా జనాన్ని పేరుపెట్టి పిలిచినవాణ్ణి, నా పేరు పిలిస్తే పలకలేకపోయాను. చెయ్యెత్తాను. అతను కాగితం చూస్తున్నాడు గానీ మనుషులను చూడటం లేదు. "సామ్యేలు లేడా? తర్వాత" అన్నాడు.

పక్కన బురఖాలో ఒకామె, ఒళ్ళో చెవికి దూది పెట్టుకున్న బిడ్డ. నా చెయ్యి చూసి లేచి నిలబడింది.

"ఓ అన్నా, ఈయప్ప ఈడనే ఉండాడు. సెయ్యెత్తుతాండాడు, కనబల్యా నీకు?"

పేర్లు పిలిచే మనిషి అప్పటికి తలెత్తాడు. కరుణమ్మ వచ్చి నేనెవరో చెప్పగానే ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "మైకు మామా నువ్వు? మా పెండ్లిలో కూటికి పిల్చింది నువ్వే గదా. మా ఇంటాయన కువైట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆ కేక గురించే నవ్వుతాడు." సంచీలోంచి బత్తాయి తీసి నా చేతిలో పెట్టింది. అది తన బిడ్డ కోసం తెచ్చుకున్న పండు. మా వైపు జనాలు మొరటువాళ్ళని కోస్తా వాళ్ళంటారు. వాళ్ళకు ఆ బత్తాయి తినిపించాలి.

డాక్టరు కోస్తా మనిషే. "అరిచి బతికే వృత్తా అండీ మీది?" అని అడిగాడు.

"బయటనే సార్" అంది కరుణమ్మ. "ఇంట్లో అరవడు. అసలు మాట్లాడడు."

గొంతులోకి గొట్టం పెట్టి చూసి, లోపల కాయ ఉందన్నాడు. ముక్క తీసి పరీక్షకు పంపించాడు. ఫలితం వచ్చేదాకా నాకు నిద్ర లేదు. మనసులో నా చావుకు నేనే ప్రచారం రాసుకున్నాను: ఎన్ని ఊళ్ళు, ఎన్ని జీపులు, ఏ మలుపులో ఏ మాట. అంతా బాగా కుదిరాక, అది చదివేది దస్తగిరి అని గుర్తొచ్చింది. ఆ భయం జబ్బు భయాన్ని మించిపోయింది.

చెడ్డ కాయ కాదని తేలింది. డాక్టరు ఒక షరతు పెట్టాడు. "రెండు నెలలు నోరు తెరవకండి. గుసగుస కూడా వద్దు. ఇది పాటిస్తే మీ గొంతు మీకు తిరిగొస్తుంది. మధ్యలో ఒక్కసారి గట్టిగా మాట్లాడారంటే తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆ ఏప్రిల్ నెల నాకు దేవుడిచ్చిన సెలవు. పనీపాటా లేకపోతే పిచ్చెక్కుతుందనుకున్నాను, ఎక్కలేదు. పొద్దున అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలిచేవాణ్ణి. మా ఇంటి ముందు చప్పుళ్ళు ఉన్నాయని అప్పుడే తెలిసింది: పాలవాడి సైకిలు, బోరింగు కొట్టే పిల్లలు, చీర ఆరేస్తూ కరుణమ్మ పాడుకునే పాట. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా ఆవిడ పాడుతుందని కనుక్కున్న మొగుణ్ణి నేనే. నేను మాట్లాడను గనక అమ్మే మాట్లాడేది. రాజుపాలెం బావిలో ఈత నేర్చుకున్న సంగతి, తమ్ముణ్ణి చంకనేసుకుని కొర్ర చేల గట్ల మీద నడిచిన సంగతి. ఆమెకు ఈత వచ్చని నాకు తెలియదు.

ఒక నిర్ణయానికి వచ్చాను. గొంతు తిరిగొచ్చిన రోజు మొదటి మాటలు ఏ పార్టీకీ ఏ అంగడికీ కాదు. రాజుపాలెం పోయి, అన్నీ చూసి వచ్చి, అమ్మ చెవిలో చెప్పాలి. కాగితం మీద రాసి చూపిస్తే కరుణమ్మ ఈ సంగతి అమ్మకు సైగలతో చెప్పింది: గొంతు మీద చెయ్యి, తర్వాత నా వైపు వేలు, తర్వాత రాజుపాలెం వైపు. అమ్మకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆమె అడగటం మానేసింది. ఎదురుచూడటం మొదలుపెట్టింది.

అప్పుడే ఎలక్షన్లు వచ్చాయి.

మా వైపు మనిషికి కాలు విరుగుతుంది, తల పగులుతుంది. అవి జనానికి అర్థమవుతాయి. గొంతు జబ్బుపడుతుందంటే ఎవరూ నమ్మరు. మాట్లాడే మనిషి మాట్లాడటం లేదంటే, ఎవరో భయపెట్టి ఉండాలి లేదా కొని ఉండాలి. ఈ పార్టీ వాళ్ళు నన్ను ఆ పార్టీ కొన్నదన్నారు. ఆ పార్టీ వాళ్ళు ఈ పార్టీ కొన్నదన్నారు. నా మౌనానికి పలికిన ధర నా మాటకు ఏనాడూ పలకలేదు. నాయకుల పేర్లు నేను రాయను. గొంతు పోయింది, తలకాయన్నా మిగలనీ.

ఒక మధ్యాహ్నం ఒక వర్గం పెద్దాయన మనిషి ఎర్రన్న మా ఇంటి ముందు జీపు ఆపాడు. ఆయన మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచాడు, వేటకొడవలి జీపులోనే ఉంచాడు.

"ఏమప్పా సామేలూ, నీ గొంతు యిని శానా దినాలైంది."

నేను గొంతు చూపించాను. కరుణమ్మ డాక్టరు చీటీ తెచ్చిచ్చింది. ఆయన దాన్ని ముందూ వెనకా చూశాడు.

"చీటీ బాగనే ఉండాది అక్కా. ఇట్లాంటివి మేం ఎన్ని రాపించల్యా? గీసుకపోయినదానికి యిరిగిందని, యిరిగినదానికి గీసుకపోయిందని. చీటీని ఎవురు నమ్ముతారు?"

"నమ్మకపోతే ఇడిసిపెట్టండన్నా. ఈయప్ప నోరు తెరిస్తే గొంతే పోతాదంట."

"పెద్దాయన నమ్ముతాండాడు. ఊరే నమ్మల్యా. సాయంత్రం రచ్చకట్టకాడికొచ్చి, వాళ్ళమ్మ మింద ఒట్టేసి, నేను అమ్ముడుపోలేదని ఒక్క మాట చెప్తే సాలు. ఒక్క మాటకు గొంతు పోతాదా?"

ఆయన వెళ్ళాక కరుణమ్మ నా ఎదుట నిలబడింది. "ఒట్టు పెట్టుకోకూడదని మన చర్చిలో చెప్తారు. మాట్లాడకూడదని డాక్టరు చెప్పినాడు. దేవుడూ డాక్టరూ ఒకే మాట మింద ఉండేది ఎప్పుడో ఒకసారి. పోవద్దు."

అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమెకు ఏమీ వినబడలేదు.

పోయాను. పోకపోతే ఇంటి మీద బాంబులు పడతాయన్న భయంతో పోయానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగం నిజం. ఊరి రచ్చకట్ట దగ్గర జనం మూగి ఉన్నారు, నడుమ మైకు పెట్టి ఉంది. నెలకు పైగా మైకు చూడని మనిషిని నేను. మిగతా సగం ఆ మైకు.

చెప్పవలసింది: నేను అమ్ముడుపోలేదు, మా అమ్మ మీద ఒట్టు. మైకుకు నోరు దగ్గరగా పెట్టి, మెల్లగా ఊపిరితో చెప్పినా సరిపోయేది. నేను "సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టాను. జనం ఒక్కసారి కదిలారు. ఆ కదలిక చూశాక నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పెన్నను పిలిచాను, గండికోట రాళ్ళను సాక్ష్యం పిలిచాను, ఇరవై ఊళ్ళ పేర్లు వరసగా చదివాను, అడగకపోయినా పెద్దాయనను పొగిడాను, చివరికి మా అమ్మ పేరెత్తి ఒట్టు పెట్టాను. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆఖరి మాట దగ్గర గొంతులో పాత గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడైంది. అది నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. నోటిలో ఇనుము రుచి. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

తిరుగుదారిలో దస్తగిరి జీపు తోలుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒక్క మాటన్నారు గద మామా. యింతసేపా?"

జవాబు చెప్పబోతే నోట్లోంచి గాలే వచ్చింది.

కడప డాక్టరు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి చూసి, దీపం ఆర్పి, "సరేనండి" అన్నాడు. గాయం మానుతుందనీ మచ్చ మిగులుతుందనీ, పక్కన కూర్చున్న వాళ్ళకు వినబడేంత మాట వస్తుందనీ, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దనీ చెప్పాడు. కరుణమ్మ ఒక్క ప్రశ్న అడిగింది. "వాళ్ళమ్మకు ఇనబడేంత?" డాక్టరు చీటీ రాసుకుంటూ ఉండిపోయాడు.

ఒట్టు వల్ల ఒరిగింది చెప్పాలి కదా. సామేలు ప్రమాణం చేసింది పెద్దాయన పిలిపించిన కట్ట మీద కాబట్టి, వాడు పెద్దాయన మనిషేనని అవతలి పార్టీ తేల్చేసింది. ఇరవై ఏళ్ళు రెండు వైపులా నడిచినవాణ్ణి, అమ్ముడుపోలేదని చెప్పి ఒక వైపువాణ్ణయ్యాను. ఎలక్షన్లయిపోయాక ఆ వైపు వాళ్ళు కూడా నన్ను మరిచిపోయారు. ఎర్రన్న మాత్రం ఒకరోజు సంచీడు నిమ్మకాయలు పంపించాడు, గొంతుకు మంచివని. ఆయన ఇప్పటికీ చీటీని నమ్మలేదు, నిమ్మకాయను నమ్ముతాడు.

వానలు పడేసరికి ఊపిరితో కలిసి మాటలు రావడం మొదలైంది. ఇప్పుడు నా పని దస్తగిరికి ప్రచారాలు రాసివ్వడం. వాటిని ఆయన చదివే తీరు గురించి నేనేమీ అనను, గొంతు లేకపోవడం వల్ల నాకు దక్కిన మర్యాద అది. పొద్దున నడుస్తాను. మధ్యాహ్నం నిద్రపోతాను. నా మాట పక్కన కూర్చుంటేనే వినబడుతుంది కాబట్టి కరుణమ్మ పక్కన కూర్చుంటున్నాను. ఆమె కూడా విసుక్కోవడం లేదు. గొంతు ఉండగా తెలిసి ఉంటే ఇది ఎంత చవకలో దొరికేదో. పరుగెత్తే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే చెప్తున్నాను: మీలో ఉన్న మంచి సరుకంతా బయట అమ్మేసి, ఇంటికి చిల్లర తీసుకుపోకండి. ఆ చిల్లరతోనే ఇంట్లో వాళ్ళు సంసారం నడుపుకుంటారు, అడగరు.

అమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. కరుణమ్మ సైగలతో మాట ఇచ్చింది కదా. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మా ఇద్దరికీ సైగలు దొరకలేదు. క్రిస్మస్ నెల మొదట్లో నేను బస్సెక్కి రాజుపాలెం పోయాను. జీపులో ఆ ఊరు దాటడానికి ఒక బీడీ కాల్చినంత సేపు పట్టేది. ఈసారి రోజంతా ఉన్నాను. అమ్మ తమ్ముడు, మా మేనమామకు పళ్ళు ఊడిపోయి రొట్టె పాలలో నానేసుకుని తింటున్నాడు, కానీ గట్టిగానే ఉన్నాడు. బావి పూడ్చలేదు, మోటరు బిగించారు. మెట్లు అట్లాగే ఉన్నాయి. అమ్మ ఈడు సుబ్బమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీయమ్మ ఇంకా ఉండాదా? నన్ను ఈతలో ఓడిచ్చిందని ఇంకా చెప్తాందా? అబద్ధమని చెప్పు దానికి" అంది. ఇవన్నీ మూటకట్టుకుని ఇంటికొచ్చాను.

అమ్మ చెవికి నోరు ఆనించి చెప్పాను. ఆమె చెవి తడుముకుని, "గాలి తగుల్తాంది" అంది.

దస్తగిరికి తెలిసింది. మర్నాడు జీపులో మైకుసెట్టు మొత్తం తెచ్చి మా అరుగు మీద దించాడు. బూర అమ్మకు ఎదురుగా పెట్టాడు.

"నీ గొంతు చిన్నదైతే ఏంది మామా, నా మిషను పెద్దది. చెప్పు."

మైకు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. బూరలోంచి బుస వచ్చింది. పాములబుట్ట మూత తీసినట్టు, తాటాకు పందిట్లో గాలి దూరినట్టు. మధ్య మధ్య ఒక్కో మాట తెలుస్తోంది. దస్తగిరి మీట తిప్పే కొద్దీ బుస పెద్దదైంది. వీధి వీధంతా అరుగు ముందు చేరింది. మామ పళ్ళ సంగతీ, మోటరు సంగతీ, సుబ్బమ్మ మాటా అందరికీ తెలిసిపోయింది. కొందరు నవ్వారు. బోరింగు దగ్గర ఒకామె కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను ఆపలేదు, బావి మెట్ల దాకా అంతా చెప్పాను.

అమ్మ బూర వైపు చూసింది. జనం వైపు చూసింది. నా చేతిలో మైకు చూసింది. ఆమెకు వినబడింది చప్పుడే, మాట కాదు. ఆమె ముఖంలో కోపం లేదు, ఏళ్ళుగా అలవాటైన ఓర్పు ఉంది.

"ఇంటికాడికే తెచ్చినావా పనిని? కానీలే నాయనా, నీ ప్రచారం కానీ. అయినంక మాట్లాడుదువులే."

దస్తగిరి మీట ఆపేశాడు. జనం వెళ్ళిపోయారు. అమ్మ ఒళ్ళోని చెనక్కాయల చేట పక్కన పెట్టి, పమిట సర్దుకుని, నా వైపు తిరిగి కూర్చుంది. పని అయిపోయింది కదా అని.